హెలికాప్టరు చోదనము: మన బాలికలకు తెఱచియున్న మార్గము

ఆకాశమున నెగురు వాహనములలో హెలికాప్టరు మిక్కిలి విచిత్రమైనది. విమానమునకు పరుగిడుటకు పొడవైన బాట కావలయును. హెలికాప్టరునకు నలుదిక్కుల నడ్డులేని కొలదిపాటి చదునునేల చాలును. నిలిచినచోటినుండియే పైకి లేచును. గాలిలో కదలక నిలువగలదు. వెనుకకును ప్రక్కలకును పోగలదు. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద విజయవాడను ముంచినపుడు, నీటినడుమ చిక్కుకొన్నవారికి హెలికాప్టరులనుండి ఆహారపు పొట్లములు జారవిడిచిన సంగతి మన సోదరీమణులకు జ్ఞాపకముండును.

ఇట్టి యంత్రమును నడుపుట మా యమ్మాయి నేర్వవచ్చునా యని యొక తల్లి యడిగినచో, నిస్సంశయముగా నేర్వవచ్చుననియే సమాధానము. అయితే ఇది మిగుల వ్యయముతో కూడిన విద్య. దాని మెట్ల వరుస తెలియక, ప్రకటనలను చూచి ముందుగా రుసుము చెల్లించినచో, ధనమును బాలిక యుత్సాహమును రెండును నష్టపడును. కావున ఏది ముందు, ఏది వెనుక యను సంగతిని ఇందు వివరించుచున్నాము.

ఈ విద్య స్త్రీలకు క్రొత్త కాదు. 1938లో జర్మను దేశపు హన్నా రైట్ష్ బెర్లిను నగరమున ఒక విశాలమైన సభామందిరములోపలనే హెలికాప్టరును ఎగురవేసి చూపఱులను అబ్బురపఱచెను. ఫ్రెంచి వైద్యురాలు వాలెరీ ఆంద్రే యిండోచైనా యుద్ధమున తానే హెలికాప్టరు నడుపుకొనిపోయి క్షతగాత్రులను తెచ్చి, తానే శస్త్రచికిత్స చేసెడిది. 129 పర్యాయములు పోయి 165 మందిని ఆమె తెచ్చెనని లెక్క. 1976లో ఆమె జనరలు పదవి నందెను. మన దేశమున సరళా ఠక్రాల్ 1936లో, 21 ఏండ్ల ప్రాయమున, చీర కట్టుకొని ఒంటరిగా విమానము నడిపెను. 1947లో ప్రేమ్ మాథుర్‌ను విమానచోదకురాలిగా చేర్చుకొన్నది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థయే. 1999 కార్గిల్ యుద్ధమున గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ అను వాయుసేన యధికారిణులు చీతా హెలికాప్టరులను కొండలనడుమ నడిపిరి.

ఈ వాహనమును నడుపుటకు దేహబలముకంటె అవయవముల పొందిక ముఖ్యము. ఎడమచేతి క్రింది మీటను ఎత్తిన వాహనము పైకి లేచును, దించిన దిగును. కుడిచేతి కఱ్ఱను ఎటు వంచిన అటు పోవును. రెండు పాదముల క్రింది మెట్లు దాని ముఖమును త్రిప్పును. వీనిలో ఒకదానిని కదల్చిన తక్కినవానిని గూడ వెంటనే సవరింపవలయును. రాట్నమువద్ద ఒకచేత చక్రము త్రిప్పుచు వేఱొకచేత దారము తీయువారికి ఈ పొందిక యెట్టిదో చెప్పనక్కఱలేదు. గాలిలో కదలక నిలుపుట తొలిదినములలో అసాధ్యమనిపించును. కొన్ని గంటల యభ్యాసముతో చేతులకు తనంతట తెలియును.

ఇక మెట్ల వరుస. మొదటిది వైద్యపరీక్ష. రుసుము కట్టుటకు ముందే బాలికకు ఈ పరీక్ష చేయింపవలయును. పౌర విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయము, అనగా డీజీసీఏ, అంగీకరించిన వైద్యులే దీనిని చేయుదురు. తొలుత రెండవ తరగతి పరీక్ష, వృత్తికై మొదటి తరగతి పరీక్ష యుండును. చూపు, వినికిడి, గుండె, రక్తము మున్నగునవి చూతురు. కండ్లద్దములు పెట్టుకొన్నంతమాత్రమున అనర్హత రాదు. కాని రంగులు గుర్తింపలేని దోషము పెద్ద యాటంకము. వేలకొలది రూపాయలు పాఠశాలకు చెల్లించిన పిమ్మట ఈ దోషము బయటపడుటకంటె, ముందుగా తెలిసికొని వేఱు మార్గమును చూచుకొనుట మేలుగదా.

రెండవది చదువు. 12వ తరగతిలో భౌతికశాస్త్రము, గణితము చదివియుండవలయునని చిరకాలముగా నియమము కలదు. కళాశాఖవారికిని ద్వారము తెఱవవలయునను ప్రతిపాదన 2025లో వినవచ్చినది. కావున చేరునాటికి అమలులోనున్న నియమమును కార్యాలయమునుండియే తెలిసికొనుట మంచిది. ఆ రెండు విషయములు చదువనివారు సార్వత్రిక పాఠశాల ద్వారా వానిలో మాత్రము పరీక్షకు కూర్చుండు వాడుకయు కలదు. పిమ్మట విమానయాన నిబంధనలు, దిక్కుల గణన, వాతావరణశాస్త్రము, యంత్రవిషయములు అను వానిలో వ్రాతపరీక్షలుండును. నూటికి 70 మార్కులు వచ్చినగాని ఉత్తీర్ణత లేదు. రేడియోలో మాటలాడుటకు వేఱొక పరీక్ష కలదు. ఆంగ్లములో స్పష్టముగా సంభాషింపగల శక్తియు అవసరము.

మూడవది ఆకాశాభ్యాసము. 16 ఏండ్లకు విద్యార్థి లైసెన్సు, 17 ఏండ్లకు స్వంత వినియోగపు లైసెన్సు, 18 ఏండ్లకు వృత్తి లైసెన్సు పొందవచ్చును. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి స్వంత వినియోగపు లైసెన్సునకు సామాన్యముగా 40 గంటలు ఎగిరియుండవలయును. అందు 10 గంటలు ఒంటరిగా ఎగురవలయును. ఆ ఒంటరి ప్రయాణములలో ఒకటి 180 కిలోమీటరులకు తగ్గక, మార్గమున రెండుచోట్ల దిగి లేచునదిగా నుండవలయును. మన దేశమున వృత్తి లైసెన్సునకు హెలికాప్టరుపై 150 గంటలు కావలయును. చివర పరీక్షకుడు ప్రక్కన కూర్చుండి నేర్పును పరీక్షించును.

ఈ యభ్యాసములో తల్లులకు ఎక్కువ భయము గొల్పునది యంత్రము ఆగినపుడు చేయు సాధన. ఇంజను ఆగినంతమాత్రమున హెలికాప్టరు రాయివలె పడదు. చోదకురాలు వెంటనే ఎడమచేతి మీటను దించినచో, క్రిందినుండి పైకి తగులు గాలికి రెక్కలు తిరుగుచునే యుండును. తాటియాకు గాలిచక్రమును పట్టుకొని పిల్లవాడు పరుగిడినపుడు అది తిరుగుట చూచియుందుము, ఇదియు నట్టిదే. నేలను సమీపించినపుడు ఆ తిరుగుడులోని శక్తిని మఱల మీట నెత్తి వినియోగించి మెల్లగా దింపుదురు. చిన్న హెలికాప్టరులలో మీటను దించుటకు ఒకటి రెండు సెకనుల వ్యవధియే యుండును. అందుచేత గురువు ప్రక్కనుండగా దీనిని పలుమాఱులు చేయింతురు.

లైసెన్సు చేతికి వచ్చినంతనే ఉద్యోగము వచ్చుననుకొనరాదు. ఇది మిక్కిలి ముఖ్యమైన మాట. ఒక్కొక్క జాతి హెలికాప్టరునకు వేఱువేఱుగా శిక్షణయు అనుమతియు పొందవలయును. రాజమహేంద్రవరమునుండి సముద్రములోని చమురుబావులకు పోవు పనులకును, కొండలపై తీర్థయాత్రికులను చేర్చు పనులకును, 150 గంటల యనుభవము చాలదు. ఎక్కువ గంటలు ఎగిరినవారినే సంస్థలు కోరును. మన దేశమున సైన్యమునుండి విరమించిన చోదకులే ఈ యుద్యోగములలో పెక్కుమంది. కావున లైసెన్సు తరువాత కొంతకాలము తక్కువ జీతమునకు పనిచేయుటకో, నిరీక్షించుటకో కుటుంబము సిద్ధపడియుండవలయును. పొలము తాకట్టు పెట్టదలచినవారు ఈ నిరీక్షణకాలపు వడ్డీని గూడ లెక్కలో వేసికొనవలయును. శిక్షణసంస్థకు డీజీసీఏ యనుమతి కలదా, ఎగురుటకు యోగ్యమైన హెలికాప్టరులెన్ని, నేర్పు గురువులెందఱు, పూర్వవిద్యార్థినులు ఎన్ని మాసములలో 150 గంటలు ముగించిరి అను నాలుగు ప్రశ్నలకు వ్రాతమూలముగా జవాబు పొందిన పిదపనే పైకము చెల్లింపవలయును.

ధనము లేని కుటుంబములకు వేఱొక మార్గము కలదు. అది సైనికమార్గము. ఇందు శిక్షణవ్యయమును ప్రభుత్వమే భరించును. 12వ తరగతి తరువాత జాతీయ రక్షణ అకాడమీలో 2022 నుండి బాలికలను చేర్చుకొనుచున్నారు. పట్టభద్రురాండ్రు 20 మొదలు 24 ఏండ్లలోపు వాయుసేన ప్రవేశపరీక్షకు కూర్చుండవచ్చును. ఎత్తు సామాన్యముగా 162.5 సెంటీమీటరులుండవలయును. చోదక యోగ్యతను పరీక్షించు యంత్రపరీక్ష యొకటి కలదు. దానికి జీవితములో ఒక్కమాఱే అవకాశము. అందుచేత సిద్ధపడకుండ పోరాదు.

వాయుసేనకు హెలికాప్టరు శిక్షణాలయము మన హైదరాబాదు చెంతనున్న హకీంపేటయందే కలదు. 2019 మే 27న పూర్తిగా స్త్రీలే సిబ్బందిగా ఎంఐ-17 హెలికాప్టరును నడిపినపుడు, దాని చోదకురాండ్రు పారుల్ భరద్వాజ్, అమన్ నిధి యిరువురును హకీంపేటలో నేర్చినవారే. సైన్యమున 2022లో అభిలాషా బరాక్ నాసిక్ శిక్షణాలయమునుండి తొలి మహిళా యుద్ధవైమానికురాలిగా వెలువడెను.

పెండ్లియు సంతానమును ఈ వృత్తికి శాశ్వతమైన అడ్డంకులు కావు. గర్భవతియైనపుడు ఆ సంగతిని వైద్యాధికారులకు తెలిపి నియమప్రకారము పనినుండి విరమింపవలయును. ప్రసవానంతరము వైద్యపరీక్షలో మఱల యోగ్యత పొంది చేరవచ్చును. అయితే ఎగురుట మానిన కాలము పెరిగినకొలది నేర్పు తఱుగును; మఱల సాధన చేయవలయును. ఈ సమయమున శిశువును చూచుకొను పెద్దలు ఇంటనుండుట యెంతటి యుపకారమో అత్తగార్లకు వేఱుగా చెప్పనేల?

అపాయమును దాచుట న్యాయము కాదు. 2025 జూన్ 15 ఉదయమున కేదారనాథ యాత్రికులను తీసికొనివచ్చుచున్న హెలికాప్టరు గౌరీకుండము చెంత కూలి, ఒక పసిబిడ్డతోసహా ఏడుగురు మరణించిరి. కొండలలో మబ్బు క్షణములో దారిని మూయును. అట్టి యెడ వెనుదిరుగుట పిఱికితనము కాదు. అదియే చోదకురాలి విద్యలో కడపటి పాఠము. తొందరపెట్టు యజమానికిని, కోపించు ప్రయాణికునికిని, ఎంతటి పెద్దమనిషికైనను, “నేడు పోరాదు” అని చెప్పగల నిబ్బరము ఆమెకు కావలయును.

ఆ నిబ్బరము పాఠశాలలో ప్రారంభము కాదు. పెద్దల మాటకు ఎదురాడరాదని మాత్రమే నేర్పి పెంచిన బాలికకు ఆ మాట నోట రాదు. తనకు సరికాదని తోచినదానిని మర్యాదగా, స్థిరముగా చెప్పుటను ఇంటనే అలవఱచిన తల్లి, తెలియకయే కూతును ఈ విద్యకు సిద్ధపఱచుచున్నది. మీ యింట అట్టి బాలిక యున్నచో, ఆమె యాశను నవ్వి త్రోసివేయక, ముందుగా వైద్యునియొద్దకు కొనిపొండు. లెక్కలు పిమ్మట చూచుకొనవచ్చును.