చుక్క ఒలక్కుండా ఆయిల్ ఫిల్టరు మార్చండి

దమ్ముల రోజుల్లో ట్రాక్టరుకు నిద్ర ఉండదు. పగలు ఒకరి చేలో, రాత్రి ఇంకొకరి చేలో తిరుగుతూనే ఉంటుంది. చూస్తుండగానే ఆయిల్ మార్చాల్సిన గంటలు వచ్చేస్తాయి. అప్పుడేం చేస్తాం? బండిని కాలువ గట్టు ఎక్కించి, కింద ప్లగ్గు విప్పి, అందిన డబ్బా పెట్టి, ఫిల్టరును ఒక్క తిప్పు తిప్పుతాం. డబ్బాలో పడింది కొంత, ఇంజను పక్కల కారింది కొంత, గట్టు తాగింది కొంత. చేతులు కాలువలోనే కడుక్కుని మళ్ళీ చేలో దిగుతాం. ఇది మనందరం చూసిందే, చాలామందిమి చేసిందే.

కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్ళలో మంచినీటి చెరువులు నింపుకునేది కూడా ఈ కాలువ నీళ్ళతోనే. గట్టుమీద ఒలికిన ఆయిల్ మొదటి వానకే కాలువలోకి జారుతుంది. ఒక లీటరు పాత ఆయిల్ పది లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఏనాడో లెక్కగట్టింది. మన చేతులతో మనం ఒలకబోసింది మన బిందెలోకే వస్తుందన్న మాట.

"మాకు ట్రాక్టరే లేదు, ఈ గొడవ మాకెందుకు" అనుకోకండి. ఎకరం, రెండెకరాల రైతు దున్నించేది కిరాయి ట్రాక్టరుతోనే. ఆ బండికి ఆయిల్ మార్చేది చాలాసార్లు మీ చేని మూలనే, మీ బోదె పక్కనే. ఒలికేది మీ మడిలోకే. ఎలా మార్చాలో మీకూ తెలిసి ఉంటే డ్రైవరుకు నాలుగు మాటలు చెప్పొచ్చు. పవర్ టిల్లరు, మినీ ట్రాక్టరు ఉన్నవారు సొంతంగానే మార్చుకుంటారు కనుక వారికి మరీ అవసరం.

పాత వాషరు తెచ్చిన చేటు

డెల్టాలో ఒక రైతు సంగతి చెబుతాను. సొంతం రెండెకరాలు. అప్పు చేసి పాత ట్రాక్టరు ఒకటి కొని కిరాయికి తిప్పుకుంటున్నాడు. దమ్ములు జోరుమీదున్న ఒక రాత్రి టార్చిలైటు వెలుగులో ఫిల్టరు మార్చాడు. పాత ఫిల్టరు ఊడింది గాని, దాని రబ్బరు వాషరు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయింది. చీకట్లో అది కనపడలేదు. దానిమీదే కొత్త ఫిల్టరు బిగించి బండి స్టార్టు చేశాడు. చూడ్డానికి అంతా బాగానే ఉంది. చేలో దిగి రేజు పెంచేసరికి రెండు వాషర్ల మధ్యనుంచి ఆయిల్ చిమ్మడం మొదలైంది. మీటరు బోర్డుకు బురద కొట్టి ఉంది, ఎర్ర దీపం వెలిగినా కానరాలేదు. కొద్ది నిమిషాల్లో ఇంజను పట్టేసింది.

బండి బోరుకు వచ్చింది. అదను పోయింది. ఒప్పుకున్న చేలన్నీ వేరే ట్రాక్టర్లకు పోయాయి. "వాషరు కోసం ఒక్కసారి వేలుపెట్టి తడిమి ఉంటే ఇంత చేటు లేకపోను" అని ఆయన ఇప్పటికీ అంటాడు. ఆయిల్ ఒలకడం అంటే గట్టు మాసిపోవడం ఒక్కటే కాదని, ఇంజను ప్రాణం మీదికి వచ్చే ఒలుకుడు కూడా ఉంటుందని గమనించాలి.

ఎందుకు ఒలుకుతుంది?

చాంబరులో ఆయిలంతా దించేశాం కదా, ఫిల్టరులో ఏముంటుందిలే అనుకుంటాం. పొరపాటంతా ఇక్కడే. ఇంజను ఆగినా ఫిల్టరులోని ఆయిల్ వెనక్కు జారిపోకుండా చాలా ఫిల్టర్లలో ఒక రబ్బరు కవాటం ఉంటుంది. స్టార్టు చేయగానే బేరింగులకు ఆయిల్ అందాలని ఈ ఏర్పాటు. అందుకే చాంబరు ఖాళీ అయినా ఫిల్టరులో పావు లీటరు నుంచి అర లీటరు దాకా నిలిచే ఉంటుంది. ఫిల్టరు వదులైన క్షణాన అది బయటికి వస్తుంది.

ఫిల్టరు ఎలా బిగించి ఉందో ముందు చూసుకోండి. నోరు పైకి, అడుగు కిందికి ఉండి వేలాడే రకమైతే ఆయిల్ దాని కడుపులోనే ఉంటుంది, వంచితేనే ఒలుకుతుంది. పక్కకు అడ్డంగా ఉండే రకమైతే వదులు చేయగానే కారుతుంది. కొన్ని పాత ట్రాక్టర్లకు గిన్నె లాంటి తొడుగు, లోపల వేరుగా ఫిల్టరు, మధ్యలో పొడవాటి బోల్టు ఉంటాయి. ఇందులో గిన్నె నిండా ఆయిల్ ఉంటుంది.

ముందుగా సర్దుకోవాల్సినవి

కాలువ గట్టు, బావి, బోరు, చెరువు, పశువుల పాక దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. ఎత్తుగా, చదునుగా ఉన్న చోటు చూసుకోండి. పగటి వెలుగులోనే చేయండి. బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి.

చాంబరులో పట్టే ఆయిల్ కన్నా పెద్ద గిన్నె కావాలి. ఎనిమిది లీటర్ల ఆయిల్ కింద అయిదు లీటర్ల డబ్బా పెడితే ఒలకడం ఖాయం. పాత పదిహేను లీటర్ల నూనె డబ్బాను పక్కకు పడుకోబెట్టి పైరేకు కోస్తే వెడల్పాటి తొట్టి తయారవుతుంది. కోసిన అంచులు సుత్తితో మడవండి, చేతులు తెగవు. దాని కింద పాత బరకం ముక్క పరిచి, ఆపైన నాలుగు దోసిళ్ళ ఊకగాని రంపపు పొట్టుగాని చల్లండి. ఒకటీ అరా చుక్క పడ్డా అది పీల్చుకుంటుంది. గుడ్డ పీలికలు, గరాటు, యూరియా బస్తా లోపలి పాలిథిన్ కవరు దగ్గర పెట్టుకోండి.

ఆయిల్ దించే పద్ధతి

ఇంజనును అయిదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పలచబడి, మడ్డితో సహా దిగుతుంది. పొలం నుంచి వచ్చిన బండిని మాత్రం వెంటనే విప్పవద్దు. ఆ వేడికి చేతులు కాలుతాయి, కవరు కూడా కరుగుతుంది.

పైన ఆయిల్ పోసే మూత తీయండి. లోపలికి గాలి ఆడితే ధార గుటకలు వేయకుండా ఒకే తీరున పడుతుంది. కింది ప్లగ్గును పానాతో వదులు చేసి, మిగతా మరలు చేత్తో తిప్పండి. తిప్పేటప్పుడు ప్లగ్గును లోపలికి నొక్కి పట్టుకుని, చివరి మర ఊడగానే చటుక్కున పక్కకు లాగండి. ధార మొదట దూరంగా చిమ్ముతుంది, తగ్గేకొద్దీ దగ్గరకు వస్తుంది. తొట్టిని అందుకు తగ్గట్టు జరపాలి. కనీసం పావుగంట కారనివ్వండి.

ఫిల్టరు విప్పేటప్పుడు

తొందరపడకూడని ఘట్టం ఇదే. బెల్టు పానాతో ఫిల్టరును ముప్పాతిక చుట్టు మాత్రమే వదులు చేసి ఆపండి. అడ్డంగా ఉండే రకమైతే అప్పుడే కారడం మొదలవుతుంది. దానికి ముందే ఫిల్టరు మొత్తానికి పాలిథిన్ కవరు కింది నుంచి తొడిగి, కవరు నోరు పైకి పట్టుకోండి. కారింది కవరులోనే పడుతుంది. కారడం ఆగాక, కవరు పైనుంచే ఫిల్టరును పట్టుకుని తిప్పి, కవరుతో సహా బయటికి తీయండి. చేతికీ అంటదు, సెల్ఫ్ మోటారు మీదా పడదు. వేలాడే రకమైతే నిటారుగా దించండి, పక్కకు వంచవద్దు.

ఫిల్టరు రాకపోతే స్క్రూ డ్రైవరు గుచ్చి తిప్పే అలవాటు కొందరికి ఉంది. రేకు చిరిగి ఆయిల్ నాలుగు వైపులా కారుతుంది, ఫిల్టరు మాత్రం అక్కడే ఉంటుంది. చెయిన్ పానా తెచ్చుకోవడం మంచిది.

బిగించేటప్పుడు

విప్పిన ఫిల్టరును తిరగేసి చూడండి. రబ్బరు వాషరు దానితోపాటు వచ్చిందా? రాకపోతే ఇంజనుకు అతుక్కుని ఉన్నట్టే. గోటితో తీసేయండి. గిన్నె రకంలో పాత రబ్బరు రింగు పై గాడిలో ఉండిపోతుంది. దాన్ని పిన్నుతో లాగి కొత్త రింగు వేయాలి. తరువాత ఆ చోటును పొడి గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడమండి.

కొత్త వాషరుకు కొత్త ఆయిల్ వేలితో రాయండి. రాయకపోతే బిగించేటప్పుడు రబ్బరు మెలిపడుతుంది. వేలాడే ఫిల్టరులో ముందుగా కొత్త ఆయిల్ పోసి ఎక్కించవచ్చు. అడ్డంగా ఉండేదాంట్లో పోయవద్దు, అది మళ్ళీ ఒలుకుతుంది. చేత్తోనే తిప్పండి. వాషరు ఆనిన తరువాత ముప్పాతిక చుట్టు చాలు. ఫిల్టరు మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. పానాతో బిగించవద్దు. వాషరు నలిగి కారుతుంది, వచ్చేసారి ఊడదు కూడా. కింది ప్లగ్గుకు కొత్త వాషరు వేయండి.

స్టార్టు చేశాక

ఆయిల్ గరాటుతో పోసి, పుల్ల తీసి కొలత చూడండి. స్టార్టు చేసి రేజు పెంచకుండా వదలండి. కొద్ది క్షణాల్లో ఎర్ర దీపం ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఒకరు కుర్చీలో ఉంటే ఇంకొకరు కింద ఫిల్టరును, ప్లగ్గును చూడాలి. ఒక నిమిషం తరువాత కాస్త రేజు పెంచి మళ్ళీ చూడండి. చెమ్మ కనిపించినా ఆపాల్సిందే. అంతా సరిగా ఉంటే ఆపి, పది నిమిషాల తరువాత మళ్ళీ పుల్ల చూడండి. కొత్త ఫిల్టరు కొంత తాగుతుంది కనుక ఆ మేరకు పోయాలి. మీటరు బోర్డు మీద బురద తుడిచాకే చేలో దిగండి.

అయినా ఒలికితే...

నీళ్ళు కొట్టి కడగవద్దు. నీటితోపాటు ఆయిల్ బోదెలోకి పోతుంది. ఊక, రంపపు పొట్టు, పొడి మట్టి ఏది ఉంటే అది దట్టంగా చల్లి, కాసేపాగి ఊడ్చి ఎత్తండి. నేలలో ఇంకితే ఆ పైమట్టిని పారతో తీయండి. ఎత్తినదాన్ని ఒక సంచిలో కట్టి పొయ్యికి, దొడ్డికి దూరంగా ఉంచండి. పశువుల కింద ఊకలో కలపవద్దు.

పాత ఆయిల్ ఏం చేయాలి?

పశువుల పుండ్లకు కాలిన ఆయిల్ రాయడం మన ఊళ్ళలో అలవాటు. మానుకోవాలి. దానిలో అరిగిన లోహపు పొడి, మసి, హానికరమైన రసాయనాలు ఉంటాయి. పదే పదే చర్మానికి పూసిన ఎలుకల్లో క్యాన్సరు వచ్చినట్టు పరీక్షల్లో తేలింది. మనుషులు కూడా పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆయిల్ అంటిన గుడ్డలు జేబులో పెట్టుకోవద్దు.

పాత ఫిల్టరును తొట్టిలో బోర్లించి రాత్రంతా ఉంచితే మిగిలిందీ దిగుతుంది. ఆయిలంతా మూత ఉన్న క్యానులో పోసి పైన గుర్తు రాయండి, పిల్లలకు అందకుండా పెట్టండి. దానిలో డీజిలు, కిరోసిను, రేడియేటరు నీళ్ళు కలపవద్దు. కలిస్తే మళ్ళీ శుద్ధి చేయడం కష్టం. వాడిన ఆయిల్‌ను కేంద్రం 2016 నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చింది. దాన్ని తిరిగి శుద్ధికి చేర్చే బాధ్యతను ఆయిల్ తయారీదారుల మీద పెడుతూ 2023లో నిబంధనలు సవరించింది. అవి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మీరు ఆయిల్ కొనే షాపులోనో, సర్వీసింగు చేయించే షెడ్డులోనో పాత ఆయిల్ తీసుకుంటారేమో అడగండి. ఊళ్ళో నలుగురు ట్రాక్టరు రైతులు కలిసి ఒకే డ్రమ్ములో పోగుచేస్తే తీసుకెళ్ళేవారికీ గిట్టుబాటవుతుంది.

ఇదంతా చేస్తే అరగంట ఎక్కువ పడుతుంది. దమ్ముల రోజుల్లో అరగంట విలువ రైతుకు తెలుసు. కానీ ఇంజను పట్టేస్తే పోయేది అరగంట కాదు, అదను. చెరువులో ఆయిల్ తెట్టు కడితే దాన్ని ఎత్తిపోసే పానా ఎవరి దగ్గరా లేదు. ఈసారి ఫిల్టరు మార్చేటప్పుడు గట్టు దిగి రండి, ఒక కవరు వెంట తెచ్చుకోండి.