బెట్టనాటి చీటీలు

అనంతపురపు ఎఱ్ఱనేలలో వేరుసెనగ విత్తి, మొలక కనబడిన పిమ్మట వాన మొగము చాటుచేసినచో రైతు మబ్బులవంక చూచును. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే వర్షించు సీమ యిది. రైతు చేయగలిగినది వేచియుండుటయే. మొక్క మాత్రము అంతలోనే తన కణములలో సర్దుబాటు మొదలుపెట్టును.

కణములో పెక్కుపనులు చేయునవి ప్రోటీనులు. బెట్ట తగిలినపుడు వానిలో కొన్ని నిలువవలెను, కొన్ని తొలగవలెను. క్రొత్తవి తయారగుటకు వ్యవధి పట్టును గనుక, కణము ఉన్నవానికే మరియొక చిన్న ప్రోటీనును చీటీవలె తగిలించును. నూనెమిల్లులో బస్తాపై గుర్తు చూచి హమాలీ దానిని ఎటు మోయవలెనో గ్రహించినట్లు, ఈ చీటీనిబట్టి ఆ ప్రోటీను గతి నిర్ణయమగును.

ఇట్టి చీటీలలో ప్రసిద్ధమైనది యుబిక్విటిన్. దీనియందు 76 అమైనో ఆమ్లములు మాత్రమే కలవు. ఇది గొలుసుగా తగిలిన ప్రోటీనులను కణము సాధారణముగా ముక్కలుచేసి, ఆ సరకును మరల వాడుకొనును. ఈ మర్మమును విప్పిన చికనోవర్, హెర్ష్కో, రోజ్ అను మువ్వురకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. చీటీ తగిలించుట ఊరకే జరుగదు; అందులకు ఏటీపీ అను శక్తిపదార్థము ఖర్చగును. ఆ పదార్థమును 1929లో ఫిస్కేతో కలసి కనుగొన్నవారు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆవాలమొక్కకు చుట్టమైన అరబిడాప్సిస్ అను చిన్నమొక్కలో ఈ వ్యవహారము బాగుగా తెలిసినది. దాని మొలకలో ఏబీఐ-5 అను ప్రోటీను కలదు. ఎదుగుదలను ఆపుట దాని పని. తడి యున్నన్నాళ్లు కెగ్ అను కావలివాడు దానికి యుబిక్విటిన్ తగిలించి తొలగించుచుండును. నేల ఎండగానే అబ్సిసిక్ ఆమ్లమను హార్మోను పెరుగును. అప్పుడు చీటీ కావలివానికే పడును! కెగ్ నశించును, ఏబీఐ-5 నిలుచును, మొలక ఎదుగుట మాని ప్రాణము బిగబట్టుకొనును.

సుమో అను మరియొక చీటీ కలదు. జపాను మల్లులతో దీనికి సంబంధము లేదు. ఇది ప్రోటీనును నశింపజేయుటకంటె దాని పనిని మార్చుటయే హెచ్చు. వరిలో ఈ చీటీని తగిలించు ఎంజైము తాలూకు జన్యువును అమెరికాలో ప్రత్తిమొక్కలలో చేర్చి చూచిరి. నీరు తక్కువైన పొలములలో సయితము అవి హెచ్చు దూది నిచ్చినవని 2017లో ప్రకటించిరి.

కదిరి పరిశోధనాకేంద్రమువారు వెలువరించిన కదిరి-6, కదిరి లేపాక్షి రకములు ఇట్లు జన్యువును చేర్చినవి కావు. సంకరముచేసి, పొలములో నిలిచిన మొక్కలను ఏరి తీసినవి. చీటీలు కంటికి కనబడకపోయినను, బెట్టకు తాళిన మొక్క కనబడును గదా!