ఊరక వచ్చిన సాఫ్ట్‌వేర్‌కూ షరతులుంటాయి

హిందూపురం, కుప్పం స్టేషన్లలో రైలెక్కి బెంగళూరు చేరి, సాఫ్ట్‌వేర్ కొలువులలో కుదురుకున్న బిడ్డలు మన సరిహద్దు పల్లెలలో ఎందరో ఉన్నారు. వారి నోట తరచుగా వినవచ్చే మాట ‘ఓపెన్ సోర్స్’. సోర్స్ కోడ్, అనగా ప్రోగ్రామును చదివి మార్చడానికి వీలైన మూలరూపం, అందరికీ అందుబాటులో ఉంచిన సాఫ్ట్‌వేర్ అని దీని అర్థం. దానిని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అంతమాత్రాన అది యజమాని లేని సొత్తు కాదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణించి రక్షిస్తున్నది. కనుక లైసెన్సు ఇచ్చిన మేరకే మనకు హక్కు.

ఇట్టి లైసెన్సులలో సుప్రసిద్ధమైనది జీపీఎల్. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో దీనిని వెలువరించారు. మూడవ కూర్పు ముసాయిదాపై 2006 ఆగస్టు 23, 24 తేదీలలో బెంగళూరులోనే అంతర్జాతీయ సదస్సు జరిగింది. స్టాల్‌మన్ స్వయంగా వచ్చి ప్రసంగించారు. 2007 జూన్ 29న ఆ కూర్పు వెలువడింది.

జీపీఎల్ ప్రోగ్రామును మార్చి సొంతానికి వాడుకొంటే ఏ బాధ్యతా లేదు. ఇతరులకు ఇచ్చినప్పుడే బాధ్యత మొదలవుతుంది. అప్పుడు మూలకర్తల కాపీరైటు ప్రకటనలను చెరపరాదు. తాము మార్చినట్లు తేదీతో తెలపాలి. మార్చిన దానిని కూడా జీపీఎల్ కిందనే ఇవ్వాలి. సోర్స్ కోడ్‌ను అందజేయాలి. వెల పుచ్చుకొనుటకు మాత్రం అభ్యంతరం లేదు.

ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు ఇంతకంటె సరళమైనవి. వాటిలో కోడ్‌ను దాచుకొనవచ్చు గాని, కాపీరైటు ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని తొలగించరాదు.

షరతు తప్పితే హక్కు రద్దవుతుంది. మూడవ కూర్పు ప్రకారం, తొలిసారి తప్పిన వారు నోటీసు అందిన 30 రోజులలో సరిదిద్దుకొంటే హక్కు తిరిగి లభిస్తుంది. 2004లోనే జర్మనీలోని మ్యూనిక్ న్యాయస్థానం జీపీఎల్ షరతులు చెల్లుతాయని తీర్పు చెప్పింది.

ఈ సంగతి ఉద్యోగులకే పరిమితం కాదు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారమైన లినక్స్ కెర్నల్ జీపీఎల్ రెండవ కూర్పు కిందనే ఉన్నది. దాని సోర్స్ కోడ్‌ను అందుబాటులో ఉంచడం తయారీదారు బాధ్యత.

కొత్తగా కొలువులో చేరిన బిడ్డలు పరుల కోడ్‌ను తెచ్చి సంస్థ ఉత్పత్తిలో చేర్చే ముందు లైసెన్సు చదవాలి. సందేహముంటే పైఅధికారిని అడగాలి. పొరుగు రైతు విత్తనమిచ్చి, పంట పండాక నీవూ మరొకరికి విత్తనమివ్వమంటే ఆ మాట నిలుపుకోవడం మన పల్లె మర్యాద. ఇదీ అటువంటిదే.