పరభాష – స్వనామము

నేడు మన యిండ్లలో యువతీయువకులు కొందరు బడియు గురువును లేకయే కొరియాభాషను అభ్యసించుచున్నారు. నాలుగు మాటలు పట్టుబడగనే తమకొక కొరియాపేరు పెట్టుకొనుటయు వారికొక వేడుక. పెద్దలు కొందరిది చూచి నొసలు చిట్లించుచున్నారు. భాష నేర్చుట వేరు, పేరు మార్చుట వేరు. రెంటిని విడదీసి విచారింపవలెను.

భాష నేర్చుట సర్వథా లాభమే. సేజోంగ్ మహారాజు 1446లో ప్రజలకొసంగిన హంగుల్ లిపికి నేడు 24 మూలాక్షరములే కలవు. కకార నకారములు నాలుక వంగు తీరును, మకారము నోటి ఆకృతిని సూచించును. సామాన్యుడు సులభముగా చదువనేర్చుటకై పుట్టిన ఆ లిపిని, చీనాలిపి నెరిగిన పండితులు కొందరు 1444లోనే నిరసించిరి. వాక్యాంతమున క్రియ, నామము వెంట విభక్తి నిలుచుటచే ఆ భాష తెలుగువానికి మిక్కిలి కొత్తగా తోపదు.

ఇక పేరుమాట. 1910లో కొరియాను కలుపుకొనిన జపాను ప్రభుత్వము 1938లో పాఠశాలలయందు కొరియాభాషను ఐచ్ఛికముగా దిగజార్చెను. 1940లో జపాను తీరు ఇంటిపేర్లను నమోదు చేసికొనుడని ఆరుమాసముల గడువు పెట్టెను. చట్టమున అది ఐచ్ఛికమే; ఆచరణమున అధికారుల ఒత్తిడి అపారము. ఇంచుమించు నూటికి 80 కుటుంబములు లొంగెను. 1942లో నిఘంటువు కూర్చుచున్న భాషాపండితులను చెరబట్టిరి. ఇరువురు చెరలోనే అసువులు బాసిరి. పోలీసులు గైకొనిన వ్రాతప్రతి 1945లో సియోలు రైలుస్టేషను గిడ్డంగిలో దొరకెను. 1946లో దక్షిణ కొరియాయందు శాసనముచే పూర్వనామములు మరల నెలకొల్పబడెను.

మన పిల్లలు ముచ్చటకు పెట్టుకొను పేరు ఇట్టిది కాదు. కోరి తొడిగికొనినది ఆభరణము, బలిమిని తొడిగినది సంకెల. అయినను బలవంతము శాసనరూపముననే రానక్కరలేదు, సిగ్గురూపమునను వచ్చును. పరుల నోటికి తిరుగదని తన పేరును తానే కుదించుకొనువాడు ఎవరి ఆజ్ఞకు లోబడినట్లు?

కావున పెద్దలు వారింపనక్కరలేదు. ఈ చరిత్రమును గూడ చదువుడని చెప్పిన చాలును. తొలిపాఠముగా ప్రతివాడును తన పేరును ఆ లిపిలో వ్రాసికొనుగాక. మన ణకార ళకారములకు అందు అక్షరములు లేవు. పేరు కొంత మారి వినబడును. ఐనను అది తలిదండ్రులు పెట్టిన పేరే. స్వనామముకొరకు అన్ని బాధలు పడిన జాతి భాషకు మనము చూపదగిన గౌరవమదియే.