పద్దు పడింది, డబ్బు వెళ్లిందా?

షూటింగు నడుస్తున్నన్నాళ్లూ ఫిల్మ్‌నగర్‌లోని నిర్మాణ సంస్థ ఆఫీసుకు బిల్లులు వస్తూనే ఉంటాయి. కెమెరా అద్దె, జనరేటర్ వ్యాను, సెట్టుకు ప్లైవుడ్, కాస్ట్యూములు, యూనిట్ భోజనాలు, కార్లు. వీటికి డబ్బు కట్టడం ఒక పని, కట్టినట్టు లెక్కల్లో ఎక్కించడం మరో పని. ఈ రెండో పనిని ఏఐ ఏజెంట్లకు అప్పగించే రోజులు వచ్చాయి. ఏజెంటు నేరుగా లెడ్జర్‌లో చెయ్యి పెట్టదు. దానికి ‘టూల్’ అనే ఒక ఫారం ఇస్తారు. పార్టీ కోడ్, బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఏ బ్యాంకు ఖాతా, ఏ యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీకి ఉండే గుర్తు) అన్న గడులను ఏజెంటు వెనకున్న భాషా మోడల్ నింపి పంపుతుంది. వాటిని సరిచూసి ఓచర్ వేసేది మామూలు ప్రోగ్రామే. ఇలాంటి టూల్స్‌ను మోడళ్లకు తగిలించడానికి ఒక ఉమ్మడి పద్ధతిగా ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. మోడల్ ఎంత తెలివైనదని అందరూ అడుగుతున్నారు. టూల్ ఎంత మొండిదని అడగాలంటాను.

టోలిచౌకిలో షూటింగులకు లైట్లు అద్దెకిచ్చే ఒక సప్లయర్ ఉన్నాడనుకుందాం. బిల్లు 1,00,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 1,18,000. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాత్రం 1,16,000 వెళ్లినట్టు కనిపిస్తుంది. మిగతా 2,000 ఏమైంది? పరికరాల అద్దెపై, జీఎస్టీ కలపని మొత్తం మీద, 2 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అదే ఆ 2,000. ఈ సంగతి చెప్పకపోతే ఏజెంటు దాన్ని డిస్కౌంటు అనుకోవచ్చు, ఇంకా ఇవ్వాల్సిన బాకీగా ఉంచేయవచ్చు. రెండూ తప్పే, రెండూ చూడటానికి సబబుగానే ఉంటాయి. భాషా మోడళ్లతో చిక్కు ఇక్కడే: పొంతన లేని ఊహకన్నా పొంతన ఉన్న ఊహ ప్రమాదం. పేర్లదీ ఇదే కథ. ‘శ్రీ సాయి’తో మొదలయ్యే పార్టీలు ఒకే లెడ్జర్ జాబితాలో నాలుగైనా ఉంటాయి. కాబట్టి మంచి టూల్ పేరును ఒప్పుకోదు, పార్టీ కోడ్ గానీ జీఎస్టీ నంబరు గానీ అడుగుతుంది. 15 అక్షరాల ఆ నంబరు తెలంగాణలో 36తో మొదలవుతుంది. చివరి అక్షరం ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కగట్టినది గనుక, ఒక అక్షరం తప్పు పడితే అక్కడే దొరుకుతుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ వాడేవాళ్లకు ‘అడ్వాన్స్’, ‘అగైనెస్ట్ రెఫ్’, ‘ఆన్ అకౌంట్’ అలవాటైన మాటలే. ఏ బిల్లుకో తేలని డబ్బును ఏదో ఒక బిల్లుకు అతికించకుండా ‘ఆన్ అకౌంట్’లో ఉంచి మనిషిని అడగమనడం కూడా టూల్ పనే.

అంతకన్నా పెద్ద చిక్కు రెండుసార్లు పడే పద్దు. ఏజెంటు ఓచర్ పంపింది, ఓచర్ పడింది, జవాబు తిరిగి రాకముందే నెట్ తెగింది. పని కాలేదనుకుని అది మళ్లీ పంపుతుంది. సప్లయర్ ఖాతాకు రెండుసార్లు డెబిట్, బ్యాంకుకు రెండుసార్లు క్రెడిట్. ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం చక్కగా కుదురుతుంది! 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో లూకా పాచియోలీ వివరించిన జంట పద్దు పద్ధతికి ఉన్న పరిమితి ఇది. రెండు వైపులా సమానమో కాదో అది చెబుతుంది గానీ, డబ్బు నిజంగా కదిలిందో లేదో చెప్పలేదు. హైదరాబాద్‌కు ఈ పాఠం చాలా ఖరీదుగా వచ్చింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, ఆ కంపెనీ ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవు. అంతవరకూ బ్యాలెన్స్ షీట్లు మాత్రం కుదురుతూనే వచ్చాయి. అది మనుషులు కావాలని చేసిన మోసం, ఏజెంటుది పొరపాటు. కానీ రెండింటినీ పట్టిచ్చే సాక్ష్యం పుస్తకం బయటే ఉంటుంది. అందుకే ఒక్కో చెల్లింపుకు ఒక్క గుర్తు ఇచ్చి, అదే గుర్తు మళ్లీ వస్తే కొత్త ఓచర్ వేయకుండా పాతదే చూపించాలి. ఆర్టీజీఎస్‌కు 22 అక్షరాల యూటీఆర్ ఉండనే ఉంది, అంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది?

‘ఇన్ని అడ్డుకట్టలు వేస్తే ఏజెంటు ఎందుకు, గుమాస్తా చాలడా?’ అని అడగవచ్చు. గుమాస్తా కూడా తప్పులు చేస్తాడు, నిజమే. అయితే అనుమానం వస్తే అతను ప్రొడక్షన్ మేనేజర్‌కు ఫోన్ చేస్తాడు. ఏజెంటు అడగాలంటే అడిగే దారి మనం ముందే కట్టిపెట్టాలి. స్టేట్‌మెంటు, బిల్లు, టీడీఎస్ మూడూ కలిసిన పద్దులు దానంతట అదే వేస్తుంది, కలవనివే మనిషి ముందుకొస్తాయి. ఆదా అయ్యేది అక్కడే. షూటింగులో చేతి ఖర్చుకు యూటీఆర్ ఎక్కడిదన్నది ఇంకో ఆక్షేపణ, ఇది బలమైనదే. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లకపోవచ్చు గనుక, పెద్ద మొత్తాలకు ఈ ఇబ్బంది తక్కువ. చిన్నవాటికి సంతకం చేసిన ఓచర్ ఫొటో జతచేయాలి, మనిషి ఆమోదించాలి. అంతకు మించిన ఉపాయం నాకు కనిపించదు.

తప్పు పద్దు వల్ల మొదట నష్టపోయేది సప్లయరే. చెల్లించినట్టు రాసిన బిల్లు బాకీల జాబితాలోంచి మాయమవుతుంది, అతను అడిగేదాకా ఎవరికీ గుర్తు రాదు. చిన్న సంస్థలకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. ఇక సినిమా నిర్మాతలు ఆదాయపు పన్ను శాఖకు ఒక వివరపత్రం ఇవ్వాలి (1961 చట్టం కింద దాని పేరు ఫారం 52ఎ). సినిమాకు పనిచేసినవాళ్లలో 50,000 రూపాయలకు పైగా ఎవరెవరికి ఎంత ఇచ్చారో అందులో చూపాలి. ఓచర్లు ఏజెంటు వేసినా, ఆ వివరాలకు జవాబుదారీ నిర్మాతే.