పిల్లలతో నేలపట్టు నడక

సముద్రతీరమునకు చేరువనున్న కోట నుండి పిల్లలతో ఒక్క పగటిలో పోయి రాదగిన చోటు నేలపట్టు. గూడూరు, నాయుడుపేటల మీదుగా దొరవారిసత్రము చేరి, అచ్చటినుండి కొద్దిదూరము నడువవచ్చును. ఇచ్చటి చెరువును, చుట్టునున్న అడవిని 1976లో పక్షుల రక్షితస్థలముగా ప్రకటించిరి.

ఈశాన్య ఋతుపవనపు వానలకు చెరువు నిండగా గూడబాతులు వచ్చును. నీటిలో నిలిచిన కడప చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. పెద్ద పక్షి ముక్కు తెరువగా, పిల్ల దాని సంచిలోనికి తల దూర్చి చేపలు తినును. మేము పోయిననాడు అది చూచి మా పిల్లవాడొకడు ఆనందము పట్టలేక చప్పట్లు చరచినాడు. వెంటనే కొన్ని పక్షులు గూళ్లు విడిచి లేచినవి. అవి మరల వ్రాలువరకు మా మనసు మనసులో లేదు.

ఏలయన, అప్పుడే గ్రుడ్డు నుండి వెలువడిన గూడబాతు పిల్లకు ఈకలుండవు. తల్లిదండ్రుల నీడ తొలగినచో ఎండకు తాళలేదు. గ్రుడ్లు కాకుల పాలగును. కావున పిల్లలను అచ్చట గద్దించుటకంటె, ఇంటివద్దనే ఈ కారణము చెప్పుట మేలు. కారణమెరిగిన పిల్లలు పెద్దలనే హెచ్చరింతురు.

ఆ ఊరివారు ఈ పక్షులను చిరకాలముగా కాపాడుచున్నారు. రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని వారెరుగుదురు.

ఉదయముననే బయలుదేరుడు. త్రాగునీరు, పెరుగన్నము, పిల్లలకు టోపీలు మరువకుడు. అందరిలో చిన్నవాని నడకయే అందరి నడక కావలెను. గూళ్లను సమీపింపక, అచ్చటి గోపురము పైనుండి చూడుడు. తిరిగి వచ్చునపుడు పొట్లపు కాగితమైనను అచ్చట విడువకుడు.