పెట్రోలులో దాగిన ఆక్సిజన్

పులుసు పొంగి స్టవ్ మీద పడితే నీలిమంట పసుపుగా మారడం మనందరం చూసిందే. ఉప్పులోని సోడియం ఇచ్చే వెలుగు అది. ఇలా ప్రతి మూలకానికీ తనదైన వెలుగుంటుంది. ఆక్సిజన్‌ను పట్టిచ్చే ప్లాస్మా డిటెక్టరుకు ఇదే ఆధారం.

ముందు గ్యాస్ క్రొమటోగ్రఫీ సంగతి చూద్దాం. చుక్క పెట్రోలులో వందల రకాల పదార్థాలుంటాయి. వాటిని ఆవిరి చేసి, లోపల పూత ఉన్న పొడవాటి సన్నని గొట్టంలోకి పంపుతారు. హీలియం వాటిని ముందుకు తోస్తుంది. పూతకు అంటుకునేవి ఆలస్యంగా, అంటుకోనివి త్వరగా బయటికొస్తాయి. గొట్టం చివర మామూలుగా ఉండేది మంట డిటెక్టరు. హైడ్రోకార్బన్ అయినా, ఆల్కహాల్ అయినా అది "ఏదో వచ్చింది" అంటుందే గానీ, అందులో ఆక్సిజన్ ఉందో లేదో చెప్పదు. రెండు పదార్థాలు ఒకేసారి వస్తే, ఒకదాని చాటున రెండోది దాక్కుంటుంది.

దాక్కుంటే ఏం నష్టం అంటారా? అమెరికాలో పెట్రోలు బాగా మండాలని ఎం.టి.బి.ఇ. అనే ఈథర్‌ను కలిపేవారు. దాని అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటుంది. భూమిలోని ట్యాంకులు, గొట్టాలు కారడంతో అది భూగర్భజలంలో కలిసింది. 1996లో శాంటా మోనికా నగరం తాగునీటి బావులు కొన్నింటిని మూసుకోవాల్సి వచ్చింది. ఇలాంటివాటిని గుంపులోంచి విడిగా గుర్తుపట్టగలగాలి.

ప్లాస్మా డిటెక్టరు చేసేది అదే. గొట్టం చివర హీలియంను మైక్రోవేవ్‌తో ప్లాస్మాగా మారుస్తారు. అందులో పడ్డ అణువు పరమాణువులుగా విడిపోతుంది. ఆక్సిజన్ పరమాణువు 777 నానోమీటర్ల దగ్గర, కంటికి అందీ అందని ముదురు ఎరుపులో వెలుగుతుంది. స్పెక్ట్రోమీటరు ఆ వెలుగునే కనిపెట్టుకుని ఉంటుంది. హైడ్రోకార్బన్లు ఎన్ని వచ్చిపోయినా గ్రాఫులో గీత దాదాపు కదలదు. ఆల్కహాలో, ఈథరో వస్తే పైకి లేస్తుంది.

చిక్కల్లా ఆక్సిజన్ ఎక్కడ పడితే అక్కడ ఉండడమే. చిన్న లీకులోంచి దూరిన గాలి, హీలియంలోని తేమ, చివరికి ప్లాస్మా ఉండే సిలికా గొట్టం గోడ కూడా ఆక్సిజన్‌వే. అందుకే హీలియంను బాగా శుద్ధి చేస్తారు, గొట్టాన్ని నీళ్లతో చల్లగా ఉంచుతారు. ఇంత చేసినా, కార్బన్‌ను పట్టుకున్నంత తక్కువ మోతాదులో ఆక్సిజన్‌ను పట్టుకోలేరు.

ఈ హీలియం కూడా వెలుగుతోనే మనకు తెలిసింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో స్పెక్ట్రోస్కోపుతో పరిశీలించాడు. సూర్యుడి అంచు వెలుగులో కనిపించిన పసుపు గీత సోడియంది కాదని ఆ ఏడాదే లాక్యర్ తేల్చాడు. ఆ కొత్త మూలకమే హీలియం.